గోడకు చెప్పిన సాక్ష్యం: మోతె నుంచి మిర్యాలగూడ కోర్టు దాకా

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా మోతె బడి టీచర్ సుగుణమ్మ రాస్తోంది. నా తిట్లు మాత్రం రాయనంటోంది. కోర్టు పని మీద మిర్యాలగూడ వెళ్లాల్సిన ఆడవాళ్లు మా చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. వాళ్లకు దారి తెలియాలని చెబుతున్నాను. నా పెనిమిటి పోయాక మా బావ, అంటే ఆయన అన్న, హద్దురాయి జరిపి మా పాలికి వచ్చిన చేను దున్నుకున్నాడు. దావా వేశాను. మొదటి వాయిదాలో జరిగిందంతా చెప్పాను గాని మున్సబు గారికి, అంటే అక్కడి జడ్జికి, ఒక్క ముక్కా వినపడలేదట. అక్కడ రాతంతా ఉర్దూలో. మన మాటను ఆయనకు ఉర్దూలో చెప్పే తర్జుమా మనిషి ఒకడుంటాడు, అతనికీ వినపడలేదట. ఈసారి కూడా ఇట్లాగే అయితే నా మాట లేకుండానే తీర్పు చెప్పేస్తానన్నారు. ఊళ్లో నేను నోరు తెరిస్తే పక్క వాడకు వినపడుతుంది. మరి అక్కడ ఎందుకు వినపడలేదు? చేను సంగతి అట్లా ఉంచి, ఇదే నన్ను తినేసింది.

సుగుణమ్మ తమ్ముడు దేవదాసు సూర్యాపేట బడిలో పంతులు. అక్కడి పిల్లలు ఉత్తుత్తి కోర్టు కట్టి, కోదాడ పిల్లలతో మాటల పోటీకి వెళ్తున్నారని ఆమె చెప్పింది. జడ్జి, వకీలు, సాక్షి అందరూ పిల్లలేనట. వాయిదాకు ముందు అది చూసి పోదామంది. పోలీసు చర్య అయిన మరుసటి ఎండాకాలం అది. రోడ్ల మీద భయం కొంచెం తగ్గింది. కోడి కూసే వేళకు లింగయ్య బండి కట్టాడు.

"పెద్దమ్మా, పోరగాండ్ల ఆట సూడనీకి గింత దూరమా?" అన్నాడు లింగయ్య.

"ఆటనో కోర్టో సూసినంక చెప్త. నువ్వు ఎడ్లను సూడు, నన్ను గాదు."

ఎండ ముదిరేసరికి సూర్యాపేట చేరాం. దారిలో నీళ్లు తక్కువ. జొన్నరొట్టె, చింతతొక్కు వెంట ఉంటే చాలు, ఎవర్నీ అడగనక్కర్లేదు. బడిలో బల్లలు పక్కకు నెట్టి కోర్టు కట్టారు. చిట్టచివర గోడ దగ్గర ఒక అమ్మాయిని నిలబెట్టాడు దేవదాసు. మాట వినపడకపోతే ఆమె చెయ్యెత్తుతుంది, మాట్లాడేవాడు మళ్లీ మొదలుపెట్టాలి. వకీలు వేషం పిల్లవాడు కాగితంలోకి చూస్తూ గడగడా చదివాడు. చెయ్యి లేచింది. మళ్లీ చదివాడు, మళ్లీ లేచింది. "కాగితం జేబుల పెట్టు. ఒక మాట చెప్పు, ఊపిరి తీస్కో, అప్పుడు ఇంకో మాట" అన్నాడు దేవదాసు. ముసలి సాక్షిగా చీర కట్టిన పిల్లవాడికి నవ్వు ఆగడం లేదు. పోటీ వకీళ్ల మధ్యే గాని సాక్షుల మధ్య కాదు కదా అని దేవదాసు నావైపు తిరిగాడు.

"అవ్వా, సాక్షిగ నువ్వే నిలబడరాదు?"

నిలబడ్డాను. వకీలు పిల్లవాడు అడిగిన వాటికి నేను చెప్పిన జవాబులు బడి దాటి రోడ్డు మీదికి పోయాయి. అప్పుడు ప్రతివాది వేషగాడు, అంటే ఆ ఆటలో సాక్షికి బావ, లోపలికి వచ్చాడు. తలకు పాగా, బొగ్గుతో గీసుకున్న మీసం. అంతే, నా కొంగు తలమీదికి వచ్చింది, నా మొహం గోడకు తిరిగింది. చివరి అమ్మాయి చెయ్యెత్తి, ఇక దించలేదు. పిల్లలు పడీపడీ నవ్వారు.

"గోడకెందుకు చెప్తున్నవ్, అవ్వా?"

"పెనిమిటికి అన్న వేషం గదయ్యా వాడిది! బావ ముంగట ఎట్ల నోరు తెరుస్త?"

దేవదాసు నవ్వలేదు. "మిర్యాలగూడల గూడ మీ బావ ఉన్నడా?"

"ఉండడా మరి! నా ఎదురుంగనే నిలబడ్డడు."

"అయితే గాడ గూడ గోడకే చెప్పినవ్."

నా తల మీద నీళ్లు కుమ్మరించినట్టయింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి బావ వాకిట్లోకి వస్తే నేను తలుపు చాటుకే. ఆ అలవాటే నాకు తెలియకుండా నాతో పాటు కోర్టు మెట్లు ఎక్కింది. సాయంత్రం దాకా ఆ బొగ్గుమీసం వాణ్ణి ఎదుట నిలబెట్టుకుని మాట్లాడాను. సగం మాటలు వినపడ్డాయి, సగం గోడకే పోయాయి.

మర్నాడు పొద్దున్నే పిల్లలతో పాటు కోదాడ బస్సు ఎక్కాం. టికెట్ ఆరణాలు. వెనక కూర్చుంటే దుమ్మంతా మనదే, ముందు చోటు పట్టుకోండి. కోదాడలో చాయ్ కొట్టువాడు నేనిచ్చిన మన నిజాం హాలీ సిక్కా తిప్పి చూసి, "కల్దారు ఉంటే ఇవ్వండమ్మా" అన్నాడు. కల్దారంటే అవతలి ఆంధ్ర పక్క డబ్బు, అక్కడ అదే ఎక్కువ చెల్లుతుంది. పోటీ చూడటానికి ఆడవాళ్లూ చాలామంది వచ్చారు. అక్కడా సాక్షిని నేనే. బొగ్గుమీసం వాడు ఎదుట నిలబడగానే నా గొంతు మళ్లీ జారింది. చివరి వరసలోంచి ఒకావిడ లేచింది.

"గట్టిగా చెప్పవమ్మా! మేమూ వినాలిగా, ఇంత దూరం నడిచొచ్చాం!"

నాకు కోపం వచ్చింది. ఆవిడ వైపు చూస్తూ, ఆవిడకు వినపడేట్టు చెప్పాను. మధ్యలో బొగ్గుమీసం ఉన్న సంగతే మరిచిపోయాను. మా వకీలు పిల్లవాడు కూడా జేబులోంచి కాగితం తీయలేదు. అయినా గెలుపు కోదాడకే పోయింది. తిరుగు బస్సు దగ్గర వాడు మొహం వేలాడేసుకుంటే, "నీ మాట ఆఖరి దాక ఇనపడ్డది బిడ్డా, ఇగ దేనికేడుస్తవ్?" అన్నాను.

నేనూ సుగుణమ్మా హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సు పట్టుకున్నాం. పొద్దు గుంకే వేళకు చేరి, సత్రంలో పడుకుని, మర్నాడు కోర్టుకు వెళ్లాం. నా పేరు పిలిచారు. బావ తెల్లపాగాతో ఎదురుగా నిలబడ్డాడు. నా చెయ్యి కొంగు మీదికి పోయింది. ఆ కొంగును లాగి నడుముకు దోపాను. వెనక బల్ల మీద కూర్చున్న సుగుణమ్మను చూస్తూ మొదలుపెట్టాను. ఒక మాట చెప్పి ఆగాను. తర్జుమా మనిషి దాన్ని ఉర్దూలో చెప్పాడు. మున్సబు గారు రాసుకున్నారు. ఇంకో మాట. నేనెంత పొడుగు చెబితే అతనూ అంత పొడుగు చెబుతున్నాడని అర్థమయ్యాక నాకు హుషారు పుట్టింది. రాయి మొదట ఎక్కడ ఉండేదో, ఏ గట్టు చెరిపి జరిపారో అంతా చెప్పాను.

బావ వకీలు లేచాడు. "ఇదంతా పోయినసారి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పిన. గప్పుడు గోడకు చెప్పిన. ఇయ్యాల మీకు చెప్తున్న."

తర్జుమా మనిషి నవ్వు ఆపుకుని అదీ చెప్పాడు. మున్సబు గారు అదీ రాసుకున్నారు. కోర్టు మనిషి అమీను వచ్చి చేను కొలవాలని, అప్పటిదాకా దాంట్లో ఎవరూ నాగలి పెట్టకూడదని హుకుం ఇచ్చారు. బయట మెట్ల మీద బావ ఆగాడు. నాతో కాదు, సుగుణమ్మతో అన్నాడు: "మా మరదలు గొంతు గిట్ల ఉంటదని నాకు ఇయ్యాలనే తెల్సింది, టీచరమ్మా."

ఇంటికి వస్తూ దారంతా ఆ మాటే తిప్పి తిప్పి చూసుకున్నాను. ఊరంతా నా నోటికి భయపడుతుంది. ఒకే గోడ పంచుకుని ఇన్నేళ్లు బతికిన మనిషి మాత్రం నా గొంతే ఎరగడు. వినకపోవడం వల్లనే చేను అంత సులువుగా దున్నాడా? తెలియదు. అమీను రాలేదింకా, గెలుస్తానో లేదో కూడా తెలియదు. కానీ రేపు అమీను వచ్చినప్పుడు రాయి దగ్గర ఏ పక్కకు తిరిగి మాట్లాడాలో తెలుసు.

మీరు వెళ్లేటప్పుడు ఒక్క పని చేయండి. కోర్టు తలుపులు తీసే వేళకే చేరుకుని, చప్రాసిని అడిగి ఖాళీ గదిలోకి వెళ్లండి. వెంట వచ్చిన మనిషిని చివరి బల్ల దగ్గర నిలబెట్టి, సాక్షి నిలబడే చోటు నుంచి మీ మాట ఒకసారి చెప్పుకోండి. ఆమె చెయ్యెత్తితే, మళ్లీ మొదటి నుంచి చెప్పండి.