పలకరింపు ఖరీదు

కాస్ట్రీస్ అనే దీవి పట్నం రేవులో టూరిస్టు ఓడ దిగినవాళ్ళు ఫిల్బర్ట్ టాక్సీ దగ్గరికి వస్తూనే "బీచికి ఎంత?" అంటారు. ముప్ఫై ఏళ్ళుగా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కారు అద్దంలా తుడుచుకుని నిలబడే మనిషి అతను. పలకరింపైనా లేకుండా ధర అడిగితే ఒళ్ళు మండదూ? "ముప్ఫై డాలర్లు" అంటాడు. పక్క డ్రైవర్లు నవ్వుతారు: "గుడ్ మార్నింగ్ చెప్పకపోతే పది డాలర్లు జరిమానారా వీడి దగ్గర!"

నిన్న ఒకావిడ భర్తతో వచ్చి, నవ్వుతూ "గుడ్ మార్నింగండీ! మీ ఇంటావిడ బాగున్నారా?" అంది. ఫిల్బర్ట్ కరిగిపోయాడు. "దానికి మోకాళ్ళ నొప్పులమ్మా, మెట్లు దిగలేదు" అని చెప్పుకున్నాడు. పదిహేనుకే ఎక్కించుకున్నాడు. దారిలో ఆగి మామిడిపళ్ళు కొనిపెట్టాడు. దిగుతూ ఆవిడ, అతను వింటున్నాడన్న వెరపైనా లేకుండా, భర్తతో అంది: "చూశావా? ముందు పెళ్ళాం క్షేమం అడిగితే సగానికి దిగొస్తారని టూరిస్టు గైడు పుస్తకంలో రాసింది నిజమే!"

ఇవాళ ఓడ దిగిన ఒక ముసలాయన "గుడ్ మార్నింగ్ బాబూ" అన్నాడు. ఫిల్బర్ట్ ముందు ఆయన చేతులకేసి చూశాడు, పుస్తకం ఉందేమోనని. చేతులు ఖాళీగానే ఉన్నాయి. అయినా "నలభై" అన్నాడు, పలకరింపుకి బదులివ్వకుండానే.