వదిన అలమరలో సీసా

రొట్టెలక్క కోపం వస్తే అరిచే రకం కాదు. అరిచేవాళ్లతో పేచీ లేదు, అరిచి ఊరుకుంటారు. ఈవిడ కోపాన్ని పిండిలా పిసికి, తడిగుడ్డ కప్పి పక్కన పెడుతుంది. అది లోపల్లోపల నిమ్మళంగా పొంగుతూ ఉంటుంది. కిందటి పస్కా పండక్కి కప్పిన గుడ్డ ఈ పస్కాకి గాని తియ్యలేదంటే, ఎంత ఓపికమంతురాలో మీరే చూసుకోండి.

వీధి మలుపులో ఆవిడ కొట్టు. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో ఇటుకల పొయ్యి, మేడ మీద కాపురం. వీటన్నిటికంటే విలువైంది ఒకటుండేది: గాజు సీసాలో పులిసిన పిండి ముద్ద. రోజూ అందులోంచి కాస్త తీసి కొత్త పిండిలో కలిపితే రొట్టెలు పొంగేవి. మిగిలినదానికి ఇంత పిండీ నీళ్లూ పెడితే అది మళ్లీ పెరిగేది. వాళ్లమ్మ దాన్ని బిడ్డలా సాకింది. పోయేముందు కూతురి చేతిలో పెట్టి, "దీన్ని ఆకలికి మాడ్చకే" అంది. నగా నట్రా ఏమీ ఇవ్వలేదు. ఇచ్చింది ఇదే.

ఇంటిల్లిపాదీ మెస్సీయ సంఘంలో ఉన్నారు. యేసే మెస్సీయ అని నమ్ముతారు, అలాగని బైబిల్లోని పాత పండుగలు వదల్లేదు. వసంతం రాగానే పస్కా, దాని వెంటే పొంగని రొట్టెల వారం, ఆ మధ్యలో ప్రథమ ఫలాల రోజు. ఆ వారం ఇంట్లో పులిసిన పిండి రవ్వంత ఉండకూడదు. మరి రొట్టెల మీద బతికేవాళ్ల గతేంటంటారా? రొట్టెలక్క కొట్టు మూసేసి, సీసాని సంఘంతో సంబంధం లేని ఎదురింటి టైలరుకి ఇచ్చేసేది. పండుగయ్యాక తిరిగి తెచ్చుకునేది. సంఘం పెద్దాయన "పరవాలేదమ్మా" అన్నాడు గనకే అలా చేసేది. పస్కా భోజనానికి పొంగని రొట్టెలు కాల్చేదీ ఆవిడే. పిండి తడిపాక చెయ్యి ఆగకూడదు, ఆగితే పులుస్తుంది. అంత చురుకు చెయ్యి ఆ సంఘంలో ఇంకెవరికీ లేదు. అక్కడ ఆవిడకున్న మర్యాదంతా ఆ పనిదే.

కిందటేడు ఆ మర్యాద బజారున పడింది. పడేసింది పరాయివాళ్లా, సొంత ఆడపడుచు. మొగుడికి అక్క. సంఘం హాలు తాళాలు నడుముకి వేలాడేసుకుని గలగలమంటూ తిరుగుతుంది కాబట్టి అందరూ తాళాల వదిన అంటారు.

"ఇంట్లోంచి తీసెయ్యమంటే ఎదురింట్లో దాచడమా? దేవుడికే టోకరానా?" అని వదిన టైలరు దగ్గర్నుంచి సీసా తెప్పించింది. హాలు పెరట్లో అందరూ చూస్తుండగా కాలవలో వంచేసింది. "సీసా కడిగి పంపిస్తాలే అమ్మాయ్" అని పైగా ఓ ఊరడింపు. సీసా రానూ లేదు, పస్కా రొట్టెల పని కూడా వదినగారే లాక్కుంది. పెద్దాయన నేలచూపులు చూశాడు. మొగుడు మాత్రం, "మా అక్క సంగతి నీకు తెలుసుగా, పట్టించుకోకు" అన్నాడు. మొగుళ్ల ఓదార్పులు ఇలాగే ఏడుస్తాయి.

రొట్టెలక్క కొత్తగా ఇంకో ముద్ద పులియబెట్టుకుంది. రొట్టెలు పొంగాయి గాని రుచి రాలేదు. "ఏంటక్కా, వెనకటి రొట్టె కాదిది" అని టైలరే అన్నాడు. ఎవరలా అన్నా అమ్మని మళ్లీ పోగొట్టుకున్నట్టుండేది. గుడ్డ కింద కోపం ఇంకాస్త పొంగేది.

చలికాలంలో ఓ విశ్రాంతి దినాన సంఘం భోజనాల్లో తాళాల వదిన తను చేసిన రొట్టె పంచింది. అందరూ ఆహా ఓహో అన్నారు. రొట్టెలక్క ఒక ముక్క నోట్లో వేసుకుని నమలడం ఆపేసింది. ముందు ఆ పులుపు, వెనకాలే పచ్చి ఆపిల్ వాసన. వాళ్లమ్మ రొట్టె అది. అంటే కాలవలో వంచింది సగమే. మిగతా సగం సీసాతో సహా ఇంటికి పట్టుకుపోయి మేపుకుంటోంది మహాతల్లి.

"మా అక్కకి చెయ్యి తిరిగిందే" అన్నాడు మొగుడు, నములుతూ.

"తిరిగింది, తిరిగింది" అంది రొట్టెలక్క.

అక్కడికక్కడే నిలదీయొచ్చు. నిలదీస్తే వదిన "పిండి నీ ఒక్కదాని సొత్తా" అని దులిపేసుకుంటుంది. అంత తేలిగ్గా పోనిస్తుందా ఈవిడ? పస్కా ముందు రోజు సాయంత్రం సంఘమంతా దీపం పట్టుకుని ఇంటింటికీ వెళ్లి పులిపిండి వెతుకుతారు. కిందటేడు తప్పు పడ్డవాళ్లే ఈ ఏడు దీపం పట్టి వెతకాలి, సిగ్గు తీరాలని అదొక వాడుక. అంటే ఈసారి దీపం రొట్టెలక్కదే. అందుకే నోరు మెదపలేదు. చలికాలమంతా వదిన రొట్టె తింటూ, "ఇంకో ముక్క వెయ్యండి వదినా, మీ చేతిలో ఏదో ఉంది" అని నవ్వుతూ అడిగింది. మనసులో మాత్రం వదిన మొహం పాలిపోవడం, తాళాల గుత్తి జారిపోవడం వందసార్లు చూసుకుంది. చూసుకున్నప్పుడల్లా కడుపు చల్లబడేది.

ఆ సాయంత్రం రానే వచ్చింది. ఒక చేతిలో దీపం, ఒక చేతిలో పొడి ఊడ్చే ఈక. ఒక్కో ఇల్లే చూసుకుంటూ, చివరికి వదినగారిల్లు. జనమంతా లోపలికి తోసుకొచ్చారు. రొట్టెలక్క వంటింటి అరలు మర్యాద కోసం ఈకతో తుడిచి, చలికాలంలోనే కనిపెట్టి ఉంచుకున్న వెనక గది అలమర తిన్నగా తెరిచింది. హాలు గోడలకి అతికించే వాక్యాల కాగితాలు చుట్టలు చుట్టి ఉన్నాయి. వాటి వెనక తన సీసా. మూతి దగ్గర పెచ్చు ఊడిన సీసా.

"ఇదేంటి వదినా?" అంది, వీధిలోకి కూడా వినపడేలా.

వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా నోరు మూగబోలేదు. "జిగురు. కాగితాలు అతికించడానికి."

పెద్దాయన కళ్లద్దాలు సవరించుకున్నాడు. "జిగురైతే తినేది కాదు, ఉండనివ్వొచ్చు. పులిపిండయితే రేపు పొద్దున మంటలో వెయ్యాలి, అదీ దొరికించుకున్నవాళ్ల చేత్తోనే. నీకు తెలిసిన పని కదమ్మా, నువ్వే చెప్పు."

రొట్టెలక్క దీపం, ఈక కింద పెట్టింది. ఇన్నాళ్లూ పళ్లు నూరుతూ వదిన మొహం దగ్గరే ఆగిపోయింది. తర్వాత సీసా ఏమవుతుందన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు. దొరికింది కాల్చాలన్న నియమం ఆవిడకి తెలియనిదా, చిన్నప్పటి నుంచీ చేస్తున్నదే. కక్ష కళ్లకి అడ్డం పడింది, అంతే.

మూత తీసింది. ముద్ద బుడగలు కడుతూ, కళకళలాడుతూ ఉంది. అమ్మ కొంగు వాసన. "జిగురే" అంటే చాలు. పండుగయ్యాక వచ్చి పట్టుకుపోవచ్చు, వదిన కిక్కురుమనకుండా ఇస్తుంది. కాకపోతే రేపు అదే వదిన తాళాలు గలగలలాడించుకుంటూ ముందు వరసలో కూర్చుని రొట్టె విరుస్తుంది. రొట్టెలక్క తల పైకెత్తింది. "జిగురను, అమ్మాయ్" అంటున్నాయి వదిన పెదాలు, చప్పుడు లేకుండా. బతిమాలేటప్పుడు కూడా పని పురమాయిస్తున్నట్టే ఉంది.

"పులిపిండే" అంది రొట్టెలక్క. "మా అమ్మది. కిందటేడు వదినగారు కాలవలో పోసేశానన్నది."

పొద్దున హాలు పెరట్లో మంట వేశారు. అందరూ తమ తమ ఇళ్లల్లో దొరికిన తునకలు, పొడి తెచ్చి వేశారు. రొట్టెలక్క సీసా బోర్లించి, లోపల చెయ్యి పెట్టి ముద్దని లాగి నిప్పుల మీద వేసింది. అది ముందు చుయ్యిమంది. తర్వాత పొంగింది. బంగారు రంగు తిరిగి, పెళుసెక్కి, పెరడంతా రొట్టె వాసన గుప్పుమంది. పస్కా కోసం పరగడుపున ఉన్న జనం గుటకలు మింగారు. పెద్దాయన చెయ్యి చాచాడు, వదిన నడుము నుంచి తాళాలు విప్పి ఇచ్చింది. ఖాళీ సీసా మాత్రం వంగి తీసుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి భోజనానికి పొంగని రొట్టెలు రొట్టెలక్కే కాల్చింది. ముందు వరసలో కూర్చోబెట్టారు. వదిన తలుపు దగ్గర, చివర్న. మొగుడు ఈవిడతో పలకడం మానేశాడు. కోరుకున్నదంతా దక్కింది కదా, హాయిగా తినాల్సింది. పస్కాకి ఆనవాయితీగా వడ్డించే చేదు కూరలు తప్ప ఏదీ గొంతు దిగలేదు.

ప్రథమ ఫలాల రోజున పెద్దాయన కొత్త పంటలో కోసిన తొలి పన పైకెత్తి ఊపుతూ, భూమిలో పడిన గింజ లేచినట్టే మెస్సీయ లేచాడని చెప్పాడు. రొట్టెలక్కకి అప్పుడు తట్టింది: సీసా గోడలు. చెయ్యి పెట్టి లాగినా లోపల పలచటి పొర అంటుకునే ఉంటుంది. రవ్వంత పొర ఎండిపోయినా సరే, పిండీ నీళ్లూ పోసి వెచ్చగా పెడితే లేస్తుంది. వారం గడిచేదాకా ఆవిడకి ఇంకో ధ్యాస లేదు. వదిన కాళ్లు పట్టుకునైనా ఆ సీసా అడగాలనుకుంది.

అడగక్కర్లేకపోయింది. పండుగయ్యాక కొట్టు తెరిచిన పొద్దున వదినే వచ్చింది. నడుము దగ్గర ఏ చప్పుడూ లేదు.

"వంచుతుంటే వాసన తగిలింది" అంది వదిన. "మీ పెళ్లికి మీ అమ్మ చేసిన రొట్టె గుర్తొచ్చింది. మిగతాది పొయ్యడానికి చెయ్యి రాలేదు. తిరిగిద్దామంటే మొహం చెల్లలేదు. ఒక్కపూట కూడా పస్తు పెట్టలేదు దాన్ని."

రొట్టెలక్క పిండి పిసుకుతూనే ఉంది.

"జిగురని ఒక్క మాటంటే అది మిగిలేది కదా అమ్మాయ్."

"మిగిలేది. మీ పరువూ మిగిలేది."

వదిన తలాడించింది. సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. తళతళ మెరుస్తోంది. "కడిగి పంపిస్తానన్నాను కదా. ఆ పూటే వేడినీళ్లు పోసి తోమేశాను. పండుగ పూట ఇంట్లో రవ్వంత కూడా ఉండకూడదు కదా మరి" అని, వెనక్కి చూడకుండా మెట్లు దిగింది.

రొట్టెలక్క పిండి చేతులతోనే మూత తీసి, సీసా ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన వచ్చింది.