గొట్టం గోడకు గడ్డకట్టిన చుక్క

ఏలూరులో నేను పరిశోధన చేసిన కాలేజీ ల్యాబులో ఫ్రీజర్ ఒక్కటే. నా థీసిస్ మూడో అధ్యాయమంతా అందులో ఒక పెట్టెలో, పన్నెండు చిన్న గొట్టాల్లో ఉండేది.

వాటిలో ఉన్నది ఇంటర్‌ల్యూకిన్-2. రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి వాడే ప్రోటీన్. ఆ కబురు అందుకునే ప్రోటీన్ కణం మీద ఉంటుంది, దాన్ని రిసెప్టర్ అంటారు. మనిషి జన్యువును బాక్టీరియాలో పెట్టి తయారుచేసిన ఆ పొడి ఐస్ ప్యాకుల మధ్య వచ్చింది. దాన్ని ద్రవంలో కలిపి పన్నెండు గొట్టాల్లోకి పంచాను. కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టిస్తే చెడిపోతుంది కాబట్టి ప్రయోగానికి ఒక గొట్టం. ప్రతి గొట్టాన్నీ సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, చుక్క అడుగుకు దిగాక, నిలబెట్టి గడ్డకట్టించాను. తిప్పడం, చూడడం, నిలబెట్టడం: మూడింటికీ పన్నెండేసి టిక్కులు నోట్‌బుక్‌లో ఇప్పటికీ ఉన్నాయి.

మొదటి రెండు గొట్టాలు బాగా పనిచేశాయి. ఆ ప్రోటీన్ అందితేనే బతికే కణాలు ప్లేటు నిండా పెరిగాయి. సార్ మైక్రోస్కోపులో చూసి, "ఆదివారం భోజనానికి రావోయ్" అన్నారు.

సార్ అంటే నా గైడ్. ఇల్లు తాడేపల్లిగూడెంలో, రోజూ రైల్లో వచ్చిపోయేవారు. ఆ ఆదివారం వాళ్ళింట్లో బొచ్చె చేప పులుసు. పెదపాడు దగ్గర చెరువులున్న ఒక విద్యార్థి తండ్రి పంపించారట. తలకాయ ముక్క నా కంచంలోనే వేశారు.

"ఈయనకి పరీక్ష పేపర్లు గుర్తుండవు గానీ చేపలు మాత్రం జాగ్రత్తగా పట్టుకొస్తారండీ," అన్నారు సార్ భార్య.

"తినవయ్యా, మొహమాటపడకు. నిన్న ఏలూరు నుంచి ఐసు మీద తెచ్చాను," అన్నారు సార్.

నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఆ తర్వాతి వారం మూడో గొట్టం తీశాను. కణాలు చచ్చిపోయాయి. నాలుగోది, ఐదోది కూడా అంతే. కణాలకు పోసే ద్రవం మార్చాను, కొత్త కణాలు తెచ్చాను, ఇంక్యుబేటర్ ఉష్ణోగ్రత సరిచూశాను. చివరికి సార్‌ని అడిగాను, ఫ్రీజర్ ఎప్పుడైనా ఆగిందేమో తెలుసా అని.

"లేదే. నీ చేతి పని చూసుకో ముందు," అన్నారు.

సమీక్ష కమిటీ ముందూ అదే మాట అన్నారు, నవ్వుతూ. "కుర్రాడు చురుకే గానీ చెయ్యి ఇంకా కుదరలేదండి." నేను తల దించుకున్నాను. ఆయన మాట నమ్మాను కూడా. చుక్కలు కొలిచే పిపెట్‌తో నీళ్ళు కొలవడం సాధన చేస్తూ పది రోజులు గడిపాను.

తర్వాత మిగిలిన ఏడు గొట్టాలూ ఐసు మీద పెట్టి, చుట్టూ నేనంటించిన లేబుళ్ళు ఊడదీశాను. ఒక్కదాంట్లోనూ చుక్క అడుగున లేదు. ఏడింటిలోనూ ఒకే పక్కన, గోడకు అంటుకుని గడ్డకట్టి ఉంది. అంటే అన్నీ ఒకసారి కరిగాయి, పెట్టె పక్కకు ఒరిగి ఉండగా మళ్ళీ గడ్డకట్టాయి.

ల్యాబు ఊడ్చే ఆవిడను అడిగాను, పెట్టె ఎప్పుడైనా బయట చూశారా అని.

"మీకు తెలీదేంటండీ? ఆ శనివారం సారు చేపలెట్టారు కదండీ అందులో. చోటు చాలక మీ పెట్టె తీసి బల్ల మీదెట్టారు. సాయంత్రం చేపలట్టుకెళ్ళారు గానీ పెట్టె మర్చిపోయారు. సోమవారం మీకంటే ముందొచ్చి ఆయనే పక్కకి ఒరగేసి లోపల దూర్చేశారండి. 'అబ్బాయికి చెప్పక్కర్లేదులే' అన్నారు. నాకేం తెలుస్తాదండీ అందులో ఏముందో."

అది ఏప్రిల్. ఫ్యాన్లు ఆపేసి తాళం వేసిన గది. నేను తాడేపల్లిగూడెంలో ముళ్ళు తీసుకుంటూ తింటున్నప్పుడు నా ప్రోటీన్ బల్ల మీద ఉంది.

సార్ గదిలోకి వెళ్ళి, గొట్టాలు ఆయన ముందు పెట్టాను. చేపల ఊసు ఎత్తలేదు. "ఈ పెట్టె శనివారం నుంచి సోమవారం దాకా బయట ఉంది సార్. కమిటీకిచ్చే నివేదికలో అలా రాశాను. మీరు సంతకం పెట్టాలి."

ఆయన గొట్టాల వంక చూడనేలేదు. "చేపలు రెండు గంటలు కూడా లేవయ్యా అందులో," అన్నారు.

నేను నివేదిక ఆయన ముందుకు జరిపాను.

"దీనికి కమిటీ దాకా ఎందుకు? కొత్త ప్రోటీన్ తెప్పిస్తాను. ఆ వాక్యం తీసెయ్. నీ చెయ్యి కుదిరిందని నేనే చెబుతాను."

మరచిపోవడం ఎవరికైనా ఉంటుంది. ఆ సోమవారం ఒక్క మాట చెప్పి ఉంటే గొట్టాలన్నీ పారేసి మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. నేను పది రోజులు నీళ్ళు కొలుస్తుంటే ఆయన రోజూ వెనక నిలబడి చూశారు. పిపెట్ మీద బొటనవేలు ఇంకా మెల్లగా వదలమని సలహా కూడా ఇచ్చారు.

వాక్యం తీయలేదు. ఆయన సంతకం పెట్టలేదు. మూడో అధ్యాయం ఆగిపోయింది, గైడ్‌ని మార్చమని దరఖాస్తు పెట్టాను. అది ఇచ్చి మెట్లు దిగుతుంటే సార్ ఎదురుపడి, ఏమీ జరగనట్టే, "ఆదివారం ఖాళీయేనా?" అన్నారు.

"లేదు సార్," అన్నాను. ఆదివారం నాకు ఏ పనీ లేదు.