కడుపునొప్పి అని రాయొద్దన్న సిస్టరమ్మ

శనివారం ఉదయం ఆరూ ఇరవైకి సిస్టరమ్మ పోయింది. డ్యూటీకి బయలుదేరి, మదరాసు వ్యాసర్పాడిలో తన ఇంటి గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ కూలబడిందని ఆమె చెల్లెలు చెప్పింది. గుండెపోటు. ఆదివారం సాయంత్రం సమాధుల తోటలో మట్టి వేసి చేతులు కడుక్కుంటుంటే, ఆమె ఆసుపత్రి గుమాస్తా ఒకడు నా చెవి దగ్గరకు వచ్చి, "నిజంగా గుండెపోటే గదా సార్? అన్నేళ్లు ఆ వార్డులో ఉన్న మనిషి..." అన్నాడు. అతని మొహంలో కుతూహలం తప్ప మరేమీ లేదు. నాకు పుట్టిన అసహ్యం ఇది రాసేవరకూ తగ్గలేదు.

ఆమె ఒక పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి హెడ్ నర్సు. ప్రాణం తీసుకోబోయి దక్కినవాళ్లు ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు. నాకు పరిచయమైంది మాత్రం నన్ను తిట్టడానికి వచ్చినప్పుడు.

అప్పట్లో నేను పోలీసు వార్తలు రాసేవాణ్ణి. ఎవరైనా ప్రాణం తీసుకున్నా, తీసుకోబోయినా స్టేషనులో ఇచ్చే కాగితంలో కారణం దగ్గర దాదాపు ఎప్పుడూ ఒకటే ఉండేది: తీరని కడుపునొప్పి. దాంతో ఇంటివాళ్లకు పరువు దక్కేది, పోలీసులకు పని తీరేది, మాకు నాలుగు పంక్తులు నిండేవి. అంబత్తూరు ఫ్యాక్టరీలో లేతు మిషను నడిపే ఒకతను అలా చేయబోయి ఆసుపత్రిలో చేరితే, అతని గురించీ అలాగే రాశాను. పేరూ వీధీ కూడా వేశాను. ఆ మధ్యాహ్నమే పేపరు మడిచి పట్టుకుని ఆమె మా ఆఫీసుకు వచ్చింది.

"ఇది రాసింది నువ్వేనా అప్పా?"

"అవునమ్మా."

"ఆయన కడుపు నువ్వు చూసినావా?"

"పోలీసులు చెప్పిందే..."

"మదరాసులో చావబోయేవాళ్లందరికీ కడుపునొప్పే! అట్లయితే నా వార్డెందుకు, సోడా అంగడి పెట్టుకుంటే సరిపోలా? రా, వచ్చి చూడు."

పక్క టేబులు వాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు.

వెళ్లాను. ప్రాణం తీసుకోబోవడం అప్పటి చట్టం దృష్టిలో నేరం గనక లేతు మనిషి మంచం పక్కన స్టూలు మీద కానిస్టేబులు ఉన్నాడు. రోగికి తెచ్చిన బన్ను తింటూ, అతని వల్ల తనకు మూడు రోజులుగా ఇల్లు లేకుండా పోయిందని తమిళంలో సణుగుతున్నాడు. డ్యూటీ డాక్టరు వచ్చాడు. మొహం చూడకుండా చీటీ చూసి, "నొప్పి తగ్గింది కదా, మంచం ఖాళీ చెయ్" అన్నాడు. రోగి అక్క అతని చిన్నకూతుర్ని ముందుకు నెట్టి, "బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టెయ్‌రా, ఇంకెప్పుడూ చెయ్యనని" అంది. అతను వేశాడు. అంతటితో అందరికీ పని అయిపోయింది. డిశ్చార్జి రాయడానికి డాక్టరు జేబులోంచి పెన్ను తీశాడు.

సిస్టరమ్మ బిడ్డను ఎత్తి అక్క చేతికిచ్చింది. "ఒట్టు పెట్టించుకుంటే నీకు నిద్ర పడతాది తల్లీ. వాడికి పట్టదు." కానిస్టేబులును లేపి, స్టూలు తను లాక్కుని, రోగికి ఎదురుగా కూర్చుంది.

"మళ్లీ చచ్చిపోవాలని ఉండాదా నాయనా?"

డాక్టరు ఉలిక్కిపడ్డాడు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చదువుకున్నవాళ్లు కూడా నమ్మేవారు. రోగి గోడ వైపు తిరిగాడు. "ఉండాదమ్మా" అన్నాడు. మూడు రోజుల్లో అతన్ని ఎవరైనా ఆ మాట అడగడం అదే మొదలు.

ఆమె అక్కడితో ఆగలేదు. ఆ తలంపు ఎప్పుడెప్పుడు వస్తుంది, ఎట్లా అన్నది మనసులో తేల్చుకున్నాడా, దానికి కావలసింది ఇంట్లో ఉందా, ఇన్నాళ్లూ ఏది ఆపింది అని ఒక్కొక్కటే అడిగింది. రేషను కార్డు వివరాలు రాసుకునే గొంతు. జవాబులన్నీ కాగితం మీద పెట్టి డాక్టరుకు ఇచ్చింది. "పంపిస్తే పంపించండి సార్. దీని కింద సంతకం మాత్రం మీరు పెట్టాల." డాక్టరు పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

ఇంట్లోంచి ఏవి తీసేయాలో అక్కకు చెప్పి ఆ సాయంత్రమే తీయించింది. గంట కూడా అతన్ని ఒంటరిగా వదలకుండా ఇంటివాళ్లకు వంతులు వేసింది. సైకియాట్రిస్టు చేత మందులు మొదలుపెట్టించింది. ఆరో రోజు అతను ఉన్నట్టుండి నవ్వుతూ అందరినీ పలకరించాడు. బాగుపడ్డాడని నేను సంబరపడ్డాను. డ్యూటీ అయిపోయినా ఆమె ఇంటికి పోలేదు. "నిన్నటిదాకా మూతి విప్పనోడు ఈ పొద్దు సుమ్మా, ఊరికే నవ్వతాడా? ఏదో తేల్చుకున్నట్టుండాడు" అని మళ్లీ స్టూలు మీద కూర్చుంది. మళ్లీ చావాలనే తేల్చుకున్నానని చీకటి పడకముందే అతనే ఆమెతో చెప్పాడు.

అతను దక్కాడు. దక్కనివాళ్లూ ఉన్నారు. వాళ్ల ఇళ్లకు ఆమె వెళ్లి, ఇంటివాళ్ల పక్కన కూర్చుని వచ్చేది. అసలు కారణం ఏమిటమ్మా అని ఎవరి గురించో ఒకసారి అడిగాను. "ఒకే కారణమైతే ఎప్పుడో కనుక్కుని, వార్డుకు తాళమేసి ఇంటికి పోయుంటాం" అంది. ఆ తర్వాత నేను కడుపునొప్పి అని రాయలేదు. నేను కొట్టేస్తే వార్తలు దిద్దే డెస్కులో మళ్లీ చేర్చేవాళ్లు, అది వేరే సంగతి.

తను అడిగే ప్రశ్నలను ఒక కాగితంగా అచ్చువేసి అన్ని వార్డులకూ ఇవ్వమని ఆమె ఏళ్లపాటు అడిగింది. కాగితం లేదన్నారు. ఆదివారం ఆసుపత్రి గేటు నుంచి క్యాంటీను దాకా "చిరునవ్వుల సేవామూర్తి" అని అచ్చు పోస్టర్లు అంటించారు. నాకు తెలిసి ఆమె వార్డులో నవ్విన సందర్భాలు తక్కువ.

లేతు మనిషి ఇప్పటికీ నెలకోసారి చూపించుకోవాలి. సమాధుల తోటలో ఆసుపత్రి కార్డు తీసి చూపించాడు. బుధవారం, పది గంటలు, ఆమె చేతిరాత. "బుధవారం నేను యెవురి ముందర కూచునేది సార్?" అన్నాడు. సోమవారం ఆసుపత్రికి ఫోను చేశాను. మందులు కౌంటర్లో ఇస్తారు, మాట్లాడేందుకు ఇంకా ఎవర్నీ వేయలేదు అన్నారు. అతని అక్కకు ఆ సంగతి చెప్పాను.

"అడిగేది నేను కూడా అడగతా సార్, ఆయమ్మ నేర్పించిపోయింది. వాడు ఉండాదని అంటే? అప్పుడేం చెయ్యాలో తెలిసినోళ్లు ఆడ ఉండాల గదా."

బుధవారం పది గంటలకు అక్కాతమ్ముళ్లు వస్తారు. ఆ స్టూలు మీద ఎవర్ని కూర్చోబెడతారో అడగడానికి ఆసుపత్రి సూపరింటెండెంటు నాకు తొమ్మిదిన్నరకు టైమిచ్చాడు.