ఖర్జూరం దినచర్య

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను రాజోలు పక్కనున్న ఒక మండల కేంద్రానికి బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్, అంటే మండలం మొత్తానికి నేనే పశువుల డాక్టర్ని. రిటైర్మెంటుకు ముందు అదే నా ఆఖరి పోస్టింగు. ఉదయం ఓపీ తెరిచేసరికి ఆవరణలో గేదెలు బారులు తీరి ఉండేవి. ఎదకు రాలేదని, చూడి నిలవలేదని, పొదుగు వాచిందని తోలుకొచ్చేవారు. పిల్లిని తేవడం అరుదు. తెచ్చినా కుక్క కరిచిందనో, బండి తగిలిందనో తెచ్చేవారు.

వానలు పట్టాక ఒకరోజు నాగమణి గారు మూత ఉన్న ప్లాస్టిక్ బుట్టలో పిల్లిని పెట్టుకుని వచ్చారు. నలభై దాటిన మనిషి. మస్కట్‌లో తొమ్మిదేళ్లు ఇంటిపని చేసి తిరిగొచ్చి, భర్తతోనూ అత్తగారు సూరమ్మ గారితోనూ ఉంటున్నారు. పిల్లి మగది, రెండేళ్లది. రంగును బట్టి ఖర్జూరం అని పేరు పెట్టుకున్నారు. రాజమండ్రిలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు, టీకాలూ వేయించారు. అంత శ్రద్ధగా పెంచిన పిల్లిని ఆ ఆసుపత్రిలో నేను అదే మొదటిసారి చూడటం.

అయినా అది పరుపుల మీద పాసు పోస్తోంది. పొట్ట కింద బొచ్చు ఊడిపోయేలా నాక్కుంటోంది. సాయంత్రమైతే సూరమ్మ గారి కాళ్ల మీదికి దూకి కరుస్తోంది. ఆవిడకు డెబ్బై ఏళ్లు, షుగరు. చీలమండ దగ్గర పడిన గాటు మూడు వారాలైనా మానలేదు. ఇంకొక్కసారి కరిస్తే ఐ.పోలవరం తీసుకెళ్లి రొయ్యల చెరువుల దగ్గర వదిలేస్తానని నాగమణి గారి భర్త చెప్పేశాడు.

"గోళ్లు పీకించెయ్యొచ్చంట కదండీ డాక్టరమ్మ గారూ? మస్కట్‌లో మా మేడం గారి పిల్లికి చేయించేరండి," అన్నారు నాగమణి గారు.

అది గోరు తీయడం కాదని, వేలి చివరి కణుపు కోసేయడమని, ఆ పని నేను చేయనని చెప్పాను. పైగా అది కరిచేది పళ్లతో. పొట్ట తడిమి మూత్రాశయం చూశాను. మెత్తగానే ఉంది, అడ్డు ఏదీ తగల్లేదు. లోపల ఇన్ఫెక్షన్ ఉండొచ్చనుకుని వారానికి మందు, బొచ్చు ఊడిన చోటికి ఆయింట్‌మెంటు రాసిచ్చాను. బయట ఎనిమిది గేదెలున్నాయి. పిల్లి రోజంతా ఏం చేస్తుందని నేను అడగలేదు.

పది రోజులు దాటాక ఆవిడ మళ్లీ వచ్చారు. మందు ఒక్క పూట కూడా మానలేదట. ఏ మార్పూ లేదు. ముందురోజు సూరమ్మ గారి రెండో కాలు కూడా కరిచింది. భర్తను బతిమాలి రెండు రోజులు గడువు తీసుకున్నారట. ఓపీ అయ్యాక వాళ్లింటికి వెళ్లాను.

కొత్త డాబా ఇల్లు. కిటికీలన్నిటికీ దోమల మెష్, తలుపులన్నీ మూసి ఉన్నాయి. అంతకుముందు పెంచిన పిల్లి పక్కవాళ్లు ఎలుకలకు పెట్టిన మందు తిని చచ్చిపోయిందని, అందుకే దీన్ని గడప దాటనివ్వనని నాగమణి గారు చెప్పారు. ఆ భయం సబబైనదే. ఫ్రిజ్ పక్కన గిన్నె నిండా మేత, ఆ గిన్నెను ఆనుకునే ఇసుక తొట్టి. పిల్లి ఎక్కి కూర్చోవడానికి ఎత్తయిన చోటు లేదు. సోఫా గీరుతోందని సోఫాకు ప్లాస్టిక్ కవరు తొడిగారు. ఆ గదిలో కదిలేవి రెండే: పైన ఫ్యాను, కింద సూరమ్మ గారి పాదాలు.

అప్పుడర్థమైంది. పిల్లి పొంచి, తరిమి, పట్టి, తిని, ఒళ్లు నాక్కుని, నిద్రపోతుంది. దాని రోజంతా ఈ వరుస మీదే నడుస్తుంది. ఇక్కడ తిండి ముందే గిన్నెలో ఉంది. తినే చోటికి ఆనుకుని ఉందని ఇసుక తొట్టిని వదిలేస్తోంది. పొద్దు వాలే వేళ వేటకు ఒళ్లు మేలుకుంటే ఎదురుగా కదిలేవి ఆ కాళ్లే. ఈ సంగతి ఇద్దరికీ చెప్పాను. దీనికి తిండికి లోటు లేదు గానీ చేసుకోవడానికి పని లేదన్నాను.

నాగమణి గారు పిల్లిని ఒళ్లోకి తీసుకున్నారు. "నేనూ మస్కట్‌లో అలాగే ఉన్నానండి. మూడు పూటలా తిండి పెట్టేవారు, బైటికి మాత్రం పంపేవారు కాదండి. మొదటి ఏడాది జుట్టంతా ఊడిపోయింది," అన్నారు. తర్వాత, "ఏం చెయ్యాలో చెప్పండి, చేసేస్తాను," అన్నారు.

నిండు గిన్నె తీసేయించాను. అదే మేతను అయిదు భాగాలు చేసి కొబ్బరి చిప్పల్లో ఇల్లంతా అక్కడక్కడ దాచమన్నాను. ఇసుక తొట్టి వెనక వరండాలోకి మారింది. కొబ్బరి దుంగ ముక్కకు పీచు తాడు గట్టిగా చుట్టి, పిల్లి ఒళ్లు విరుచుకుని గీరేంత ఎత్తులో నిలబెట్టించాను. కిటికీ పక్కన ఎత్తుగా ఒక పలక బిగించారు. ఉదయం ఒకసారి, దీపాలు పెట్టే ముందు ఒకసారి పావుగంట ఆట, ఆట అవ్వగానే మేత. రోజూ అదే వేళకు. ఆటవస్తువు పొడవాటి కర్ర, దాని కొసకు దారం, దారానికి కోడి ఈక.

సాయంత్రం నాగమణి గారికి వంట పని. కర్ర పట్టుకోవాల్సింది సూరమ్మ గారే.

"నన్ను కరిచినదానితో నేను ఆడాలా? బాగుందమ్మా డాక్టరమ్మా!" అన్నారావిడ.

కాళ్లు దుప్పటితో కప్పుకుని కుర్చీలో కూర్చోమని, ఈకను మొహం మీదికి ఆడించకుండా ఎలక పారిపోయినట్టు నేల మీద దూరంగా లాగమని చూపించాను. ఖర్జూరం సోఫా వెనక నక్కి, నడుం ఊపి, ఒక్క దూకులో ఈకను పట్టేసింది. సూరమ్మ గారు ఉలిక్కిపడి కర్ర వదిలేశారు. మరుక్షణం తనే వంగి అందుకున్నారు.

నాగమణి గారి భర్త నెల రోజులు ఆగడానికి ఒప్పుకున్నాడు. రెండు వారాలకు పరుపులు పొడిగా ఉంటున్నాయి. మూడో వారంలో నాగమణి గారు మండపేటలో పెళ్లికని నాలుగు రోజులు వెళ్లారు. చిప్పల్లో మేత దాచేవాళ్లు లేక ఇంట్లో మళ్లీ నిండు గిన్నె పెట్టేశారు, ఆటా మానేశారు. నాలుగో రోజు పరుపు తడిసింది. సూరమ్మ గారే ఫోన్ చేసి ఆ సంగతి చెప్పారు. మళ్లీ మందు అడుగుతారేమో అనుకున్నాను.

"తప్పు మాదేలెండి. దాని వేళకి మేం కూర్చోలేదు. ఇవాళ్టినించి నేను కూర్చుంటాను," అన్నారు.

"మీ అబ్బాయి ఏమంటున్నారండీ?" అని అడిగాను.

"ఆయ్, వాడికి నేను చెప్పుకుంటాన్లెండి," అన్నారు.

నెల గడువు దాటింది. పిల్లి ఇంట్లోనే ఉంది. సూరమ్మ గారి గాయాలు డ్రెస్సింగులతో మానాయి. ఖర్జూరం పొట్ట మీద బొచ్చు పూర్తిగా రావడానికి మాత్రం సంక్రాంతి దాటింది. అది సాధువైపోలేదు. ఒకసారి బల్లిని పట్టి తెచ్చి సూరమ్మ గారి పక్కలో పడేసింది. ఆవిడ నాకు ఫోన్ చేసి అరగంట తిట్టారు, పిల్లినీ నన్నూ కలిపి.

ఈ కేసులో నా తప్పు నాకు తెలుసు. లేని జబ్బుకు మందిచ్చి పది రోజులు పోగొట్టాను. ఆ పది రోజుల్లోనే ఆ పెద్దావిడ మళ్లీ కరిపించుకున్నారు. గేదె పాలు తగ్గితే మేత, కట్టేసే చోటు, నీళ్లు అన్నీ అడిగే నేను, పిల్లి విషయంలో ఒళ్లు మాత్రమే చూసి ఊరుకున్నాను. ఆ తర్వాత రిటైరయ్యేవరకు నా దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లికీ నాడి చూసినట్టే దాని రోజునూ చూశాను. ఎక్కడ తింటుంది, ఎక్కడ గీరుతుంది, ఎక్కడికెక్కుతుంది, దేన్ని తరుముతుంది అని అడిగాకే మందు రాసేదాన్ని. కొన్నిసార్లు మందు రాయాల్సిన అవసరమే రాలేదు.