రెండు బొమ్మల వియ్యంకుడు

మా సినిమా హాల్లో ఆయన్ని అందరం వియ్యంకుడు అనే పిలిచేవాళ్లం. ఆయనకు పెళ్లే కాలేదు. పిల్లల్లేరు, పిల్లల పెళ్లిళ్లు లేవు, గుమ్మంలో అలిగి కూర్చునే అల్లుడు లేడు. అయినా ఆ పేరు ఆయనకు అతికినట్టు సరిపోయింది. పాత బొమ్మలు రెండింటిని ఏరి, ఒకే టికెట్టు మీద ఒకదాని వెనక ఒకటి వేయడం ఆయన పని. శనివారం మధ్యాహ్నం మొదటి బొమ్మ, కాస్త విరామం, ఆ తర్వాత రెండోది. ఏ బొమ్మ పక్కన ఏది వేయాలన్నది ఓనరు పూర్తిగా ఆయనకే వదిలేశాడు. ఆ తలనొప్పి ఇంకెవరికీ అక్కర్లేదు మరి. ఈయన మాత్రం వారమంతా పిల్లకు సంబంధాలు చూసే తండ్రిలా తిరిగేవాడు. "ఈ రెండింటికీ వియ్యం కుదరదమ్మా" అనేవాడు. "ఇది బంగారంలాంటి పిల్ల, కానీ దీనికి తగ్గవాడు దొరకట్లేదు" అనేవాడు. ఆ మాటల వల్లే ఆయనకా పేరు పడింది.

నేను టికెట్ల కిటికీలో కూర్చునేదాన్ని. నాకు సినిమా పిచ్చి లేదు. మన ఏడుపులు చాలవన్నట్టు చీకట్లో కూర్చుని పరాయివాళ్ల కోసం ఏడవడం నాకు చేతకాదు. అందుకే ఆయన చెప్పేదాంట్లో సగం చెవిన పెట్టి, సగం గాలికొదిలేసేదాన్ని. ఆయన దానికే సంతోషపడేవాడు. చెప్పుకోవడానికి ఇంకెవరున్నారని? అద్దెకు తీసుకున్న ఒక్క గది, అందులో ఒక మంచం, ఒక కంచం. ఆదివారాలు ఏం చేస్తారని ఒకసారి అడిగితే, "సోమవారం కోసం చూస్తాను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు.

ఆయన లెక్కలు ఆయనవి. ఏడిపించే బొమ్మ తర్వాత నవ్వించేది వేయడం ఆయన దృష్టిలో మహాపాపం. "జనం ఇంకా కళ్లు తుడుచుకోనేలేదు, అప్పుడే చక్కిలిగింతలు పెడితే ఎలా చెల్లెమ్మా?" అనేవాడు. ఒకసారి దొంగ కథ వేసి, దాని వెనక కాపలావాడి కథ వేశాడు. మొదటిదాంట్లో ఆ దొంగ తప్పించుకున్నప్పుడు హాలంతా ఈలలు. రెండోదాంట్లో కాపలావాడి ఉద్యోగం ఊడినప్పుడు ఒక్క ఈల లేదు. "ఇందాక ఈలలు వేసినవాళ్లంతా ఇప్పుడు తల దించుకున్నారు చూడు. వియ్యమంటే ఇదీ" అని ఆ రోజంతా గాల్లో తేలాడు. అన్నీ అలా కుదిరేవి కావనుకోండి. రెండు రైలు కథలు పక్కపక్కన వేసిన వారం ఒక పెద్దమనిషి బయటికొచ్చి, మొదటి బొమ్మలో రైలెక్కిన పిల్ల రెండో బొమ్మలో ఏ స్టేషన్లో దిగిందో చెప్పమని నా కిటికీ దగ్గర నన్ను నిలదీశాడు.

విరామంలో ఆయన టీ కూడా తాగేవాడు కాదు. పైన బొమ్మ వేసే మెషిన్ గది గోడకున్న చిన్న కంతలోంచి హాల్లోకి చూస్తూ నిలబడేవాడు. ఎవరు లేచారు, లేచినవాళ్లలో ఎవరు తిరిగొచ్చారు, అదే ధ్యాస. ఖాళీ అయిన ప్రతి కుర్చీ ఆయన మనసుకు గుచ్చుకునేది. ఒక్క బొమ్మ చూసి వెళ్లిపోవడమంటే, సంబంధం చూడ్డానికొచ్చి పిల్లను చూడకుండానే లేచి వెళ్లిపోయినట్టట.

అలా లేచి వెళ్లిపోయేవాళ్లలో ఆయన నిద్ర పాడుచేసిన మనిషి టైలరమ్మ. బట్టలు కుట్టే ఆవిడ. కొలతల టేపు మెడలో ఉందన్న సంగతి మరిచిపోయి అలాగే వచ్చేసేది. ప్రతి శనివారం వచ్చేది, నడిమి వరసలో గోడపక్క కుర్చీలో కూర్చునేది, మొదటి బొమ్మను కళ్లార్పకుండా చూసేది. లైట్లు వెలిగీ వెలగకముందే సంచీ పట్టుకుని గబగబా వెళ్లిపోయేది.

"బొమ్మ నచ్చక కాదు చెల్లెమ్మా, అంత శ్రద్ధగా చూసే మనిషి ఇంకొకరు లేరు. మరెందుకు ఉండదు?" అని నా ప్రాణం తోడేశాడు.

"వెళ్లి అడగొచ్చుగా?" అన్నాను.

"అడిగి కూర్చోబెడితే నా గొప్పేముంది? బొమ్మే కూర్చోబెట్టాలి."

ఆ పంతం ఏడాదిపాటు సాగింది. ఆవిడొక్కదాని కోసం జతలు మార్చి మార్చి వేశాడు. ప్రశ్నలా ఆగే బొమ్మను ముందు వేసి, జవాబు రెండోదాంట్లో దొరికేలా చూశాడు. మిగతా జనం కుర్చీలకు అతుక్కుపోయేవాళ్లు. టైలరమ్మ మాత్రం ఎప్పటిలాగే సంచీ పట్టుకుని లేచేది. ఈయన కంత దగ్గర నీరుగారిపోయేవాడు. అంత పెద్దమనిషి అలా అయిపోతుంటే నాకు ఒకపక్క జాలి, ఒకపక్క ఒళ్లుమంట.

ఇంతలో ఒక శనివారం ఆయన చేతిలోనే తప్పు జరిగిపోయింది. ఇల్లు వదిలి పారిపోయిన కుర్రాడి కథ ముందు, తలుపు తీసిపెట్టుకుని ఎదురుచూసే తల్లి కథ వెనక వేయాలి. తొందరలో రీళ్ల పెట్టెలు తారుమారై, తల్లి కథ ముందు పడింది. సగంలో చూసుకున్నాడు, కానీ అప్పటికే చేయిదాటిపోయింది. ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. హాల్లో ఒక్కరంటే ఒక్కరికి తేడా తెలియలేదు, దానికి ఇంకా కుంగిపోయాడు.

తర్వాతి శనివారం టైలరమ్మ టికెట్టు తీసుకుంటూ కిటికీలోకి వంగింది.

"ఏమనుకోకండి. మా ఆయన ఒక మాట అడిగి రమ్మన్నారు. పోయినవారం రెండో బొమ్మ ముందు వేసేశారా?"

నేను నోరు తెరిచేశాను. "మీవారు ఎప్పుడొచ్చారండీ?"

"ఎక్కడికీ రాలేరు. మంచంలోనే ఉంటారు. పక్కింటావిడ కాసేపు చూస్తుందని నేనొస్తాను. వెళ్లి కథంతా ఆయనకు చెప్తాను. రెండోదానికి కూడా ఉంటే ఆవిడకు ఇబ్బంది, పైగా ఆయన ఎదురుచూస్తుంటారు." కాస్త సిగ్గుపడి మళ్లీ అంది. "పోయినవారం కథ విని, 'ఎదురుచూడ్డం ముందు చూపించాడంటే ఇల్లు వదిలి పోయినవాడి కథ వెనక ఉందన్నమాట. వాడు పోవడం చూడకుండా ఆ తల్లి బాధ ఎలా తెలుస్తుంది? పెట్టెలు మారిపోయుంటాయి, అడుగు' అన్నారు."

నేను కిటికీ మూసేసి మెట్లెక్కి పరిగెత్తాను. లైన్లో ఉన్నవాళ్లు తిట్టుకుంటే తిట్టుకున్నారు. సంగతి చెప్పగానే ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. ఏడాదిగా ఆవిడను ఓడించలేకపోయానన్న దిగులు ఒక్క క్షణంలో ఎగిరిపోయింది. బొమ్మ చూడని మనిషి, బొమ్మ విన్న మనిషి, తన తప్పు పట్టుకున్నాడు. "దొరికాడు చెల్లెమ్మా, దొరికాడు" అని అదే మాట పదేపదే అన్నాడు.

అక్కణ్ణుంచి ఒక ఆట మొదలైంది. ఆవిడ మొదటి బొమ్మ కథ ఇంట్లో చెప్పేది. వాళ్లాయన మంచంలో పడుకుని, దీని వెనక ఏం వేసుంటాడా అని ఊహించేవాడు. ఆ ఊహ తర్వాతి శనివారం నా కిటికీకి చేరేది. నేను దాన్ని మెట్లెక్కించేదాన్ని, జవాబు దించేదాన్ని. చేసే పని చాలనట్టు మధ్యవర్తి ఉద్యోగం కూడా నా నెత్తినే పడింది. ఒక వారం సముద్రం ఒడ్డున దీపస్తంభం కాచే ఒంటరివాడి కథ వేస్తే, ఇంటి నుంచి వచ్చిన కబురు ఇది: "మళ్లీ సముద్రం వేయడాయన. ఊరి నడిబొడ్డున జనం మధ్య ఒంటరిగా ఉన్న మనిషి కథ వేసుంటాడు." వేసింది అదే. అందరి ఫోన్లూ కలిపి తను మాత్రం ఎవరితోనూ మాట్లాడని ఆపరేటరమ్మ కథ. ఈయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

వియ్యంకుడన్న ఆ పేరు సంగతి నేనే ఒకసారి టైలరమ్మకు చెప్పాను. మరుసటి వారం ఆవిడ నవ్వు ఆపుకుంటూ వచ్చింది. "మా ఆయన ఏమన్నారో తెలుసా? 'వియ్యంకుడన్నాక అవతల ఇంకో వియ్యంకుడు ఉండొద్దూ? ఒక్కడే వియ్యంకుడెలా అవుతాడు? మొదటి బొమ్మ తరపు నేను, రెండో బొమ్మ తరపు ఆయన. బావగారికి నమస్కారాలు చెప్పు' అన్నారు."

ఆ మాట నేను పైకి మోసుకెళ్లినప్పుడు ఆయన నవ్వలేదు. మెషిన్ వైపు తిరిగి, శుభ్రంగా ఉన్న అద్దాన్నే చాలాసేపు తుడిచాడు. తర్వాత "బావగారిని అడిగానని చెప్పు" అన్నాడు. ఆయన్ని ఎవరైనా బావగారూ అని పిలవడం అదే మొదటిసారి అనుకుంటాను.

వెళ్లి కలవొచ్చుగా అని నేను పోరితే, "ఆయన నన్ను చూడాలంటే ముందు నా బొమ్మలు వినాలిగా, ఇంకా బోలెడున్నాయి" అని తప్పించుకునేవాడు. బెరుకు. మనుషుల ఇళ్లకు వెళ్లే అలవాటు లేని మనిషి.

తర్వాత టైలరమ్మ రావడం మానేసింది. ఒక శనివారం, ఇంకో శనివారం. పండగ సీజను కుట్టుపని ఎక్కువుందేమో అన్నాను. అది పండగల కాలం కాదని ఇద్దరికీ తెలుసు. ఆవిడ ఇల్లెక్కడో నాకూ తెలియదు. ఈయన అప్పటికే ఒక జత కుదిర్చి పెట్టుకున్నాడు, ఇంతవరకూ ఇలాంటిది కుదరలేదన్నాడు. ఒకే ఇంట్లో మధ్య గోడ కట్టుకుని విడిపోయిన అన్నదమ్ముల కథ ఒకటి. దాని వెనక, ఆ గోడలాంటి గోడలు కట్టి బతికే మేస్త్రీ కథ. "ఇది మాత్రం బావగారు కనుక్కోలేరు. ఆయన వినేదాకా వేయను" అని పక్కన పెట్టి, జనానికి ఏవో నాసిరకం జతలు వేస్తూ పోయాడు.

చివరికి ఒక శనివారం ఆవిడ వచ్చింది. "ఎలా ఉన్నారండీ అన్నయ్యగారు?" అని నేను అడుగుతూనే ఉన్నాను, వెనకవాళ్లు తోసుకొచ్చారు, ఆవిడ టికెట్టు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను పైకెళ్లి వచ్చిందని చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఎక్కించిన రీలు దించేసి, అన్నదమ్ముల పెట్టె తెచ్చాడు. బొమ్మ ఆలస్యంగా పడిందని కింద ఈలలు వేసినా పట్టించుకోలేదు.

విరామంలో టీ పట్టుకుని పైకెళ్లేసరికి ఆయన కంత దగ్గర ఉన్నాడు.

"చెల్లెమ్మా, ఇటురా. కూర్చునే ఉంది! లేవలేదు!"

ఏడాది కోరిక తీరిన మనిషి గొంతు అది. నేనూ వంగి చూశాను. జనం టీలకు బయటికెళ్లారు. ఖాళీ వరసలో గోడపక్క టైలరమ్మ ఒక్కతే సంచీ ఒళ్లో పెట్టుకుని, తెల్లటి తెరవైపు చూస్తూ కూర్చుని ఉంది. తొందరేమీ లేదు ఆవిడకు. నాకు అర్థమైపోయింది. ఇంట్లో కథ వినేవాళ్లుంటే ఆవిడ ఈపాటికి వీధి చివర ఉండేది.

నేను తలెత్తేసరికి ఆయనకూ అర్థమైంది. నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు. మళ్లీ కంత దగ్గరికి వంగాడు.

"లేమ్మా" అన్నాడు, గొణుగుతున్నట్టు. "ఆలస్యమైపోతోంది. ఆయన ఎదురుచూస్తుంటారు. ఇంటికెళ్లమ్మా, లే. ఈ రెండోది ఏమంత బాగోదు."

ఆ కంతలోంచి మాట కింద వరకూ వెళ్లదు. జనం ఒక్కొక్కరే తిరిగొచ్చి కూర్చున్నారు. కింద గంట కొట్టారు. ఆయన కదల్లేదు. నేను భుజం మీద చెయ్యి వేస్తే అప్పుడు కదిలి, వెళ్లి లైట్లు ఆర్పాడు. మేస్త్రీ బొమ్మ మొదలైంది. ఆవిడ చివరిదాకా చూసింది.