స్టీరింగు వదిలింది నేనే

హిల్యా కివిరాంత మా హాన్‌కాక్ ఊరి బడి వంటగదిలో ఇరవై ఆరేళ్లపాటు బఠాణీ సూపు వండింది. ఆ బడిలోనే నేను పాఠాలు చెప్పాను. అన్నేళ్లలో సూపులో ఉప్పు ఎక్కువైన రోజు ఒక్కటే నాకు గుర్తుంది. ఆనాడామె పిల్లలు భోంచేస్తున్న గదిలోకి వచ్చి, నిలబడి, "ఉప్పు ఎక్కువేసింది నేనే" అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది. ఆమెను అడిగినవారెవరూ లేరు.

పంతొమ్మిది వందల తొంభై నాలుగు జనవరిలో ఒక ఆదివారం ఆమె ఏలకుల రొట్టె చేసి, స్నేహితురాలు సైమిని కారులో ఎక్కించుకొని, చర్చికి బయలుదేరింది. మలుపులో రొట్టె డబ్బా సీటు మీదనుంచి జారింది. హిల్యా స్టీరింగు వదిలి డబ్బాను పట్టుకుంది. కారు మంచు మీద జారిపోయి పైన్ చెట్టును గుద్దింది. హిల్యాకు తుంటి ఎముక, సైమికి భుజం ఎముక విరిగాయి. రొట్టెకేమీ కాలేదు, దానిని అంబులెన్సువాళ్లు తిన్నారు.

అమెరికాలో మా మిచిగన్ రాష్ట్ర చట్టం ప్రకారం, తప్పెవరిదైనా సరే, గాయపడినవారి ఆస్పత్రి ఖర్చును కారు బీమా కంపెనీయే భరించాలి. సొంత కారు లేని సైమి ఖర్చు కూడా హిల్యా బీమాలోంచే రావాలి. చేయవలసిందల్లా ఏడాదిలోగా దరఖాస్తు ఇవ్వడం. చిన్నప్పుడు హిల్యా సూపు తిని పెరిగిన బీమా ఏజెంటు రాయ్ పెల్కోనెన్ ఆ కాగితాన్ని స్వయంగా ఇంటికి తెచ్చాడు. ఆ సమయంలో నేనక్కడే ఉన్నాను.

"ఇక్కడ సంతకం పెట్టండి మిసెస్ కివిరాంతా, చాలు."

"స్టీరింగు వదిలింది ఎవర్రా?"

"మీరే."

"మరి కంపెనీ ఎందుకిస్తుంది? కంపెనీ వదల్లేదుగా?"

"ఎవరు వదిలారని ఈ కాగితంలో ఎక్కడా అడగలేదండీ."

"అడక్కపోతే అది వాళ్ల ఖర్మ. నేను మాత్రం నోరు మూసుకుని డబ్బు పుచ్చుకోను. కాఫీ తాగి పో."

రాయ్ ఏడుసార్లు వచ్చి, ఏడుసార్లూ కాఫీ తాగి వెళ్లాడు. హిల్యా ఆస్పత్రికి నెలకు నలభై డాలర్లు కడుతూ వచ్చింది. ఈ లెక్కన ఆమెకు తొంభై నాలుగేళ్లు వచ్చేసరికి బాకీ తీరుతుందని నేను చెప్పాను. "మా అమ్మ తొంభై ఆరేళ్లు బతికింది" అన్నది.

మా ఫిన్లండు కుటుంబాల్లో శనివారం ఆవిరిగదిలో రాళ్లు కాల్చి, వాటిమీద నీళ్లు పోసి ఆవిరి పట్టకపోతే వారం ముగిసినట్టు కాదు. పూర్ణవిరామం అవసరాన్ని పిల్లలకు నేను ఈ పోలికతోనే బోధించేదాన్ని. సూపు గుర్తున్నంతగా అది వారికి గుర్తున్నట్టు లేదు. గడువు ఇంకా తొమ్మిది రోజులుందనగా ఒక శనివారం మేము ముగ్గురమూ హిల్యా ఇంటి ఆవిరిగదిలో బల్లమీద కూర్చున్నాము. హిల్యా చాలాసేపు తలుపుదగ్గరి తివాచీకేసి చూసింది. పాతబట్టల పేలికలతో సైమి ఏటా క్రిస్మస్‌కు ఒక తివాచీ నేసి ఇచ్చేది. ఆ ఏడు మాత్రం దుకాణంలో కొన్న చేతితొడుగులు ఇచ్చింది.

"ఏమే సైమీ, తివాచీ ఏదే?"

"భుజం బాగాలేదుగా."

"భుజం మే నెలలోనే బాగైంది. మగ్గం ఏదీ?"

"అమ్మేశాను."

"ఆస్పత్రి డబ్బు చర్చివాళ్లు కట్టారన్నావు?"

"అన్నాను."

"రాయ్ నీక్కూడా కాగితం తెచ్చే ఉంటాడే!"

"తెచ్చాడు. నువ్వే పెట్టని సంతకం నేను పెడతానా? హిల్యా బీమా మీద పడి సైమి సొమ్ము చేసుకుందంటారు ఊళ్లో."

హిల్యా చేతిలోని నీళ్ల గరిటెను కింద పెట్టింది.

"తప్పు నాదైతే మగ్గం నీది పోవడమేంటే?"

"రాళ్లు చల్లారుతున్నాయి, నీళ్లు పొయ్యవే" అన్నది సైమి.

సోమవారం రాయ్ ఆఫీసు తెరవకముందే వాళ్లిద్దరూ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు, వెనక నేను. ముందు హిల్యా, తరువాత సైమి సంతకాలు పెట్టారు. ప్రమాదాన్ని వర్ణించడానికి కాగితంలో నాలుగు గీతలున్నాయి. హిల్యా గీతలు దాటి, కాగితం వెనకవైపు కూడా నింపింది. నేను రెండుచోట్ల వాక్యం సరిదిద్దాను. విషయం జోలికి మాత్రం నన్ను పోనివ్వలేదు.

నెలలోపే కంపెనీ ఇద్దరి ఖర్చులూ చెల్లించింది. సైమి తన మగ్గాన్ని కొనుక్కున్నవాళ్ల దగ్గరినుంచి తిరిగి తెచ్చుకున్నది. హిల్యా మాత్రం కంపెనీ ఉత్తరాన్ని నా దగ్గరికి పట్టుకొచ్చింది.

"నువ్వొకసారి చదువు. ఇందులో నన్నెక్కడా ఏమీ అన్లేదు."

చదివాను, అనలేదు. ఆమె రాయ్‌ను పిలిపించింది.

"నేను రాసింది వాళ్లు చదివారంటావా?"

"చదివారో లేదో గానీ, డబ్బు పంపారు కదండీ."

"చదవకుండా పంపడమేంట్రా?"

మరుసటి ఆదివారం చర్చిలో కాఫీ వేళ హిల్యా రొట్టె డబ్బాను బల్లమీద పెట్టి, అందరి ఎదుటా నిలబడింది.

"కంపెనీ అన్లేదు కాబట్టి నేనే చెప్తున్నా. స్టీరింగు వదిలింది నేనే."

"తెలుసులేవే" అన్నది సైమి, కత్తి అందిస్తూ. "రొట్టె కొయ్యి."